మనమూ ఇవ్వగలం

ప్రియమైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

ప్లేటు, గ్లాసు, పెట్టె, దుప్పటి, నోటు పుస్తకాలు... అన్నీ ప్రభుత్వం ఇస్తే చదువుకున్నవాళ్లం మనం. మన పేర్లు ఎప్పుడూ తీసుకునేవాళ్ల రిజిస్టరులోనే ఉండేవి. ఇచ్చేవాళ్లలో నా పేరు తొలిసారి చేరింది ఒక పాత కంప్యూటర్ వల్ల.

ఉద్యోగం వచ్చాక దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని, బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో తయారైన సాఫ్ట్‌వేర్ అది. ఒక పెద్ద లెక్కను వేల ముక్కలు చేసి, ఇంటర్నెట్ ద్వారా ఇంటింటి కంప్యూటర్లకు పంచుతారు. మనం పని చేసుకోని సమయంలో మన కంప్యూటర్ తన ముక్కను పూర్తిచేసి జవాబు పంపుతుంది. ఒకే ముక్కను వేర్వేరు కంప్యూటర్లకు ఇచ్చి జవాబులు సరిచూస్తారు కూడా.

దీనివల్ల ఏమొస్తుందని అడుగుతారేమో. 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టులో అమెరికాలోని ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీలోని మరొకరి కంప్యూటర్ అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక పల్సార్ నక్షత్రాన్ని పట్టుకున్నాయి. వాళ్లెవరూ ఖగోళ శాస్త్రవేత్తలు కారు!

అయితే ఒక మాట. కంప్యూటర్ అదనంగా పనిచేస్తే వేడెక్కుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది. అందుకే నేను రోజుకు రెండు గంటలే నడుపుతాను. కాలేజీ, ఆఫీసు కంప్యూటర్లలో అనుమతి లేకుండా వేయకండి. సొంతది కానిదాన్ని ఇస్తే అది దానం కాదు.

నా కంప్యూటర్ పంపిన జవాబును ఏ ఊరివాడు, ఏ హాస్టల్‌లో చదివాడు అని ఎవరూ అడగలేదు. లెక్క సరిగ్గా ఉందా అని మాత్రమే చూశారు. ఆ గౌరవం మీకూ దక్కాలని కోరుకుంటూ,

మీ హాస్టల్ పూర్వ విద్యార్థి