కొలిమి ఎక్కని ఖడ్గం

ఖడ్గానికి కొలిమి అవసరమయ్యేది ప్రధానంగా బలం కోసమే. తగినంత కార్బన్ ఉన్న ఉక్కును 800 డిగ్రీల సెల్సియస్ పరిసరాల దాకా ఎర్రగా కాల్చి, నూనెలోనో నీటిలోనో ఒక్కసారిగా చల్లార్చితే గట్టిపడుతుంది. అందులోని పెళుసుదనం తగ్గేందుకు మళ్లీ కొద్దిపాటి వేడి చూపితే దెబ్బకు ఓర్చుకునే గుణం వస్తుంది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంత దూరం వచ్చారంటే, ఆ లోహం పదును నిలుపుకోగలగడం అందుకు ఒక కారణం. గోడకు అమర్చే ఖడ్గం మాత్రం దెబ్బ తీయదు, దెబ్బ కాయదు. దానికి కావలసినవి వంపులో నిండుదనం, కొలతలలో పొందిక, అంచులలో తీరు. ఈ మూడూ నిప్పు లేకుండానే, అక్కరలేని లోహాన్ని తొలగించుకుంటూ పోయే పద్ధతిలో, ఇంటి పెరట్లో సాధ్యమవుతాయి.

ఇనుప సామాన్ల దుకాణాలలో దొరికే మైల్డ్ స్టీల్ పట్టీ ఈ పనికి అనువైనది. మైల్డ్ స్టీల్ అంటే కార్బన్ సుమారు 0.25 శాతానికి మించని మెత్తని ఉక్కు. కాల్చి చల్లార్చినా పెద్దగా గట్టిపడదు కనుక యుద్ధానికి పనికిరాదు, ఆకురాయికి తేలికగా లొంగుతుంది కనుక ప్రదర్శనకు సరిపోతుంది. తల్వారు వంటి వంపు కత్తిని ఇరుకు పట్టీలోంచి తీయలేరు. 800 మిల్లీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 5 మందం గల పట్టీ కావాలి. 2.3 కిలోలకు పైగా తూగే ఆ పట్టీలో సగానికి మించి తునకలుగా, రజనుగా రాలిపోతుంది. అసలు కొలతలో గీసిన కాగితపు నమూనాను పట్టీకి అంటించి, గీత వెలుపల డ్రిల్లుతో వరుసగా రంధ్రాలు వేసి, వాటి నడుమ మిగిలిన లోహాన్ని హ్యాక్సాతో కోస్తే ఆకారం విడివడుతుంది.

అసలైన శిల్పం ఆకురాయితో మొదలవుతుంది. అది ముందుకు తోసినప్పుడే కోస్తుంది; వెనక్కి తెచ్చేటప్పుడు కూడా అదిమితే పళ్లు మొద్దుబారతాయి. అంచు మందం మీద, మధ్య నుంచి సమాన దూరంలో రెండు గీతలు గీసుకొని, ఒక్కో పక్క నుంచి ఆ గీత దాకా మాత్రమే ఏటవాలుగా అరగదీస్తే, రెండు వైపులా వాలు ఒక్కటిగా వస్తుంది. తరువాత ఆకురాయిని కత్తికి అడ్డంగా రెండు చేతులా పట్టుకొని పొడవునా లాగితే ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. గరుకు కాగితం 120, 220, 400 నంబర్ల క్రమంలో మారినప్పుడల్లా రుద్దే దిశను కూడా మార్చాలి. అప్పుడే ముందటి గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. ఒక్క మెట్టు దాటవేసినా, చివరి మెరుపులో ఆ లోపం మరింత స్పష్టంగా బయటపడుతుంది.

పిడిలోకి దిగే సన్నని తోక, వెడల్పాటి కత్తి కలిసే మూలలను గుండ్రంగా తీర్చాలి; పదునైన మూలలో ఒత్తిడి పోగుపడి లోహం అక్కడే చీలుతుంది. తల్వారులలో ఈ తోకను లోహపు పిడిలో లక్క వంటి బంకతో బిగించేవారు. ఇంట్లో చెక్క పిడి, ఎపాక్సీ జిగురు ఆ పని చేస్తాయి. పిడి చివర ఉండే గుండ్రని బిళ్ల తల్వారుకు గుర్తింపు కనుక దానిని వదిలివేయకూడదు.

అంచును 2 మిల్లీమీటర్ల మందంలో ఆపి గుండ్రంగా ఉంచడం, మొనను మొద్దు చేయడం ఈ వస్తువు ధర్మం. 1959 ఆయుధాల చట్టం కింది నియమాలు పదునైన ఖడ్గాలను ఆయుధాలుగానే లెక్కిస్తాయి. చట్టం మాట అటుంచినా, పిల్లలు తిరిగే ఇంట్లో పదునుకు చోటు లేదు. పదును లేనంత మాత్రాన పనితనం తగ్గదు. ఈ శ్రమ తెలిసిన చేయి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని పాత ఖడ్గాల ముందు నిలిచినప్పుడు, పిడి నుంచి మొన దాకా మందం ఎలా తగ్గుతూ వచ్చిందో గమనిస్తుంది. పేరు తెలియని కమ్మరి నైపుణ్యానికి తగిన గౌరవం ఆ గమనింపుతోనే మొదలవుతుంది.