ఫ్రిజ్ మూలిగిన రాత్రి

టీవీ కట్టేసి, వీధి సద్దుమణిగాక గానీ ఫ్రిజ్ గొంతు వినిపించదు. అప్పుడిక అన్నీ అనుమానాలే. నిజానికి అది చేసే చప్పుళ్లలో చాలావరకు ఆరోగ్య లక్షణాలే. గుడగుడమంటే చల్లదనాన్నిచ్చే ద్రవం సన్నని గొట్టం దాటి మరుగుతోందని. టప్‌మన్నది చలికి ముడుచుకున్న ప్లాస్టిక్ గోడ. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో సుయ్‌మంటే మంచు కరిగించే హీటర్ మీద నీటిబొట్టు పడినట్టు. ఇన్వర్టర్ కంప్రెసరైతే వేగం మార్చుకుంటూ దాదాపు రోజంతా సన్నగా నడుస్తూనే ఉంటుంది. పాత ఫ్రిజ్‌కు అలవాటుపడిన చెవులకు అదో గాభరా.

విజయవాడలో ఓ రిటైర్డ్ మాస్టారి ఇంట్లో మే నెల రాత్రుల్లో వినిపించింది మాత్రం వేరు. కొన్ని సెకన్లు గుంయ్‌మని మూలుగు, టక్‌మని చిన్న దెబ్బ, ఆపై నిశ్శబ్దం. కొద్ది నిమిషాలకు మళ్లీ అదే వరస. ఫ్రిజ్‌లో ఆయన భార్య ఇన్సులిన్ ఉంది. వాడని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అలాగని ఫ్రీజర్లో పెట్టకూడదు, గడ్డకడితే ఇక పనికిరాదు. వాటిని పక్కింటికి చేర్చారు. వచ్చిన మెకానిక్ చెయ్యి పెట్టి చూసి, కంప్రెసర్ పోయిందని తేల్చేశాడు. అంటే వేలల్లో ఖర్చు.

"పొద్దున పూట బాగానే ఆడుతోంది కదండీ, రాత్రే ఎందుకు మూలుగుతోంది?" అన్నారావిడ.

అసలు ప్రశ్న అదే. రాత్రయితే వీధిలోని ఏసీలన్నీ ఒక్కసారి మొదలవుతాయి, వోల్టేజి పడిపోతుంది. బలం చాలక మోటారు తిరగదు, మూలుగుతుంది. కాలిపోకుండా ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ దాన్ని ఆపేస్తుంది. ఆ టక్ దానిదే. రెండో మెకానిక్ రాత్రిపూట వచ్చి మీటరు పెడితే 170 వోల్టులు కూడా లేవు. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అన్న స్టిక్కరు తలుపు మీదే ఉంది. ఆ మాట ఓ హద్దు వరకే చెల్లుతుందని అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. స్టెబిలైజర్ పెట్టాక మూలుగు ఆగింది, ఇన్సులిన్ ఇల్లు చేరింది.

వోల్టేజి సరిగ్గా ఉన్నా అదే వరస సాగితే ముందు చూడాల్సింది కంప్రెసర్ పక్కనుండే స్టార్టింగ్ రిలే. కంప్రెసర్ ధరతో పోలిస్తే దాని ఖరీదు నామమాత్రం. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడూ ఇలాగే మూలగొచ్చు. స్విచ్ ఆపి ఐదు నిమిషాలాగి వేస్తే చాలు. రాత్రంతా మాత్రం అలా వదిలేయకూడదు. ప్రతి ప్రయత్నానికీ మోటారు చుట్టలు వేడెక్కుతూనే ఉంటాయి.