మేనరికం కాదు సార్

"మేనరికమా?" అని అడిగినాడు డాక్టర్. కాదన్నాం. ఏ ఊరు, ఏ కాలనీ అన్నాడు. చెప్పినాం. "మీలో తిండి సరిగ్గా ఉండదులే" అని బలానికి సూది రాసినాడు. ఏడేళ్ల పిల్లోన్ని ఒక్కసారి నడిపించి కూడా చూడలేదు.

మా అన్న కొడుకు మునివేళ్ల మీద నడుస్తాడు. ఊరికే పడిపోతాడు. పిక్కలు మాత్రం పెద్దోళ్ల మాదిరి లావు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రెండేళ్లు తిప్పినాం. అన్న బేల్దారి కూలి. పని పోయిన దినాలకు లెక్కలేదు.

దారి చూపింది డాక్టర్ కాదు, ల్యాబ్‌లో పనిచేసే మా కాలనీ పిల్లోడు. "అన్నా, సీపీకే చేపిద్దాం" అన్నాడు. కండరం చెడితే రక్తంలో పెరిగే ఎంజైమ్ అది. 200 చుట్టుపక్కల ఉండాల్సింది 14,000 ఉంది. ఆ కాగితం పట్టుకోని రైలెక్కి బెంగళూరు నిమ్హాన్స్‌కు పోయినాం. హిందూపురం నుంచి 100 కిలోమీటర్లే.

అక్కడ కండరాల జబ్బులు చూసే న్యూరాలజిస్టు మొదట పిల్లోన్ని నేల మీద కూర్చోబెట్టి, లేయమనింది. మోకాళ్లు, తొడలు పట్టుకోని, తన ఒంటినే తాను ఎక్కినట్టు లేసినాడు. దాన్ని గోవర్స్ సైన్ అంటారు. ఆయన 1879లోనే రాసిపెట్టినాడు. అది చూడటానికి మిషను అక్కర్లేదు, నేల చాలు.

జన్యు పరీక్షలో డుషేన్ మస్కులర్ డిస్ట్రోఫీ అని తేలింది. నయం కాదు. స్టెరాయిడ్ టయానికి మొదలుపెడితే నడక ఇంకొన్నేళ్లు నిలబడుతుంది. మాకు పోయిన రెండేళ్లు ఆ నడకలోవే.

ఇది ఎక్స్ క్రోమోజోమ్‌లో వచ్చే లోపం. మేనరికంతో పనిలేదు, తిండితో అసలే లేదు. మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లికి లేకుండానే కొత్తగా పుడుతుంది. ఊర్లో మాత్రం మా వదిననే అన్నారు. మాలో కూడా అన్నారు, దాచేదేముంది.

మెడిసిన్, నర్సింగ్, ల్యాబ్ కోర్సులు చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ వాడలో మెట్లెక్కలేని మగపిల్లోడు కనిపిస్తే సీపీకే చేపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఈ జబ్బు ఉంది. సర్టిఫికెట్ అడగండి.

మా వదిన రక్తంలో కూడా ఆ లోపం ఉందని మొన్న రిపోర్ట్ వచ్చింది. ఆమె చెల్లెలికి ఇప్పుడు నాలుగో నెల. సోమవారం ఆ పాపను తోడుకోని మళ్లీ బెంగళూరు పోతున్నాం.

జై భీమ్.