దండెం మీది బొమ్మలు

వేసవి సెలవులు మొదలైన తొలి ఆదివారం నాడు మా బాపు ఇంటి ముందర దండెం కట్టేవాడు. బట్టలు ఆరవేయడానికి కాదు, బొమ్మలు వేలాడదీయడానికి. మా వైపు చాలా ఇళ్ళలో నాన్నను బాపు అంటారు. బొమ్మల ప్రస్తావనలో ఆ మాట వినగానే మీకందరికీ మరొక మహానుభావుడు గుర్తుకు వస్తాడని తెలుసు. ఆయన గీతను మా బాపు కూడా గంటల తరబడి చూస్తూ కూర్చునేవాడు. ఈయన మాత్రం వరంగల్లులో ఒక బడి డ్రాయింగు సారు, అంతే.

ఏడాది పొడుగునా పిల్లలు వేసిన వాటిలో బాగున్నవి ఏరి దాచి, వాకిట్లో వేపచెట్టుకూ ప్రహరీ గుంజకూ నడుమ కట్టిన తాడుకు బట్టల క్లిప్పులతో తగిలించేవాడు. మధ్యమధ్య తనవి రెండో మూడో. ఎండ ముదరక ముందే, ఉదయం ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా ప్రదర్శన. వచ్చిన వారికి అమ్మ కుండలోని చల్లటి నీళ్ళిచ్చేది. వాడకట్టులోని ఆడవాళ్ళు, మిల్లు నుంచి వచ్చే కార్మికులు, తమ బొమ్మ ఉన్నదో లేదో చూసుకోవడానికి వచ్చే పిల్లలు, వీరే ప్రేక్షకులు. ఉన్నత పాఠశాలకు వచ్చిన తరువాత నాకు ఆ దండెమంటే సిగ్గుగా ఉండేది. ఆ రెండు గంటలూ ఇంటి వెనుక కూర్చుని ఏదో చదువుతున్నట్టు నటించేవాణ్ణి.

ఓరుగల్లు శిల్పుల ఊరు. చిత్రానికి ఇక్కడ గోడ దొరకడం కష్టమని బాపు అంటుండేవాడు. కోటలో స్వయంభూ దేవాలయం ఉన్న చోట నాలుగు తోరణాల నడుమ రాతి హంసలూ, ఏనుగులూ, తీగెలూ ఆకాశం కింద పరచి ఉంటాయి. 1323లో కోట ఢిల్లీ సేనల వశమైంది, తరువాత గుడి శిథిలమైంది, తోరణాలు మాత్రం నిలబడ్డాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అంటే ఎనిమిది వందల ఏళ్ళు ఆ మదనికలు ఏ బిరుదూ లేకుండానే ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. "రాయికి ఓపిక ఎక్కువరా, కాయిదానికి ఉండదు" అనేవాడు బాపు. మా జిల్లాలోనే పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావుగారు శాంతినికేతనంలో చదువుకుని, హైదరాబాదులో స్థిరపడి, ఈ కాకతీయ శిల్పాలను కాగితం మీదికి, కాన్వాసు మీదికి తెచ్చిన సంగతి చెప్పి, చిత్రకారుడు కాదలచినవాడు ఊరు విడవక తప్పదు కాబోలు అని నవ్వేవాడు. ఆ నవ్వులో తన సంగతి ఎంత ఉన్నదో అప్పుడు నాకు తెలియలేదు.

ఆయనకు బొమ్మల పిచ్చి పట్టించింది గ్యాలరీ కాదు, పటం. మాది నేతవాళ్ళ వాడ. మా తాత 1934లో మొదలైన ఆజంజాహి మిల్లులో కార్మికుడు. బాపు చిన్నతనంలో కూనపులివారు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవారట. చేర్యాల నకాషీలు రాసిన నిలువుపాటి గుడ్డపటాన్ని రెండు గుంజలకు కట్టి, కథ సాగుతున్న కొద్దీ ఒక్కొక్క గడే విప్పుతూ పోతారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి, ఎర్రని నేల మీద బొమ్మలు దింపుతారు. చూసేవాడు బొమ్మ దగ్గరికి పోనక్కరలేదు, బొమ్మే చూసేవాడి వాకిటికి వస్తుంది. పటం చిరిగి పనికిరానిదైతే పారవేయరనీ, మనిషికి చేసినట్టే మర్యాద చేసి నీళ్ళలో కలుపుతారనీ బాపు చెప్పేవాడు. మా ఇంటి దండెం ఆ పటానికి మనుమరాలని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన అలమర తలుపు లోపలి వైపు ఒక రంగుల బొమ్మ అతికించి ఉండేది. ఏదో పాత పత్రికలోంచి కత్తిరించినది. దామెర్ల రామారావు గారి 'పుష్పాలంకరణ'. రంగులు వెలిసి, అంచులు పసుపెక్కి, స్త్రీల ముఖాలు మసకబారినా బాపు రోజూ చొక్కా తీసుకునేటప్పుడు ఒక్క క్షణం దాని ముందర ఆగేవాడు. 1998 వేసవిలో, ఉద్యోగ విరమణ అయిన ఏడాది, నన్ను అడిగాడు. "రాజమండ్రిల ఆయన బొమ్మలన్నీ ఒక్కకాడ ఉన్నయట. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతం. వస్తవా?"

"వచ్చే ఎండకాలం పోదాం బాపూ" అన్నాను.

మరుసటి వేసవిలో నాకు బదిలీ. ఆ తరువాతి ఏడు ఇల్లు కొనే పని. ఆపైన ఆయన అడగడం మానేశాడు. చివరికి నేనే తీరిక చేసుకుని అడిగేనాటికి చూపు మందగించింది. "ఇప్పుడు పోయి ఏం చూస్తరా" అన్నాడు, కోపం లేకుండా. 2004లో పోయాడు.

మొన్నటి ఏడు ఇంటికి మరమ్మతులు చేయిస్తూ అటక మీది ఇనుప సందుగ దించాము. అడుగున తుప్పు పట్టి, బొక్కపడి, చెదలు ఎక్కాయి. వందకు పైగా బొమ్మలు ఉండవలసిన చోట ముప్పై ఎనిమిది మిగిలాయి. బాపువి రెండే, తక్కినవన్నీ పిల్లలవి. ఆ రెంటికీ చట్రం కట్టించి, మిగిలిన వాటిని పాతసామాన్ల వానికి ఇచ్చేద్దామని ఇంట్లో అందరమూ అనుకున్నాము. ఎందుకో ఆ పని కూడా వచ్చే వారం, వచ్చే వారం అని వాయిదా పడింది. నా వాయిదాలు మేలు చేసింది బహుశా ఆ ఒక్కసారే.

గడచిన మే నెలలో నేనూ మా అమ్మాయీ రాత్రి రైలెక్కి రాజమండ్రికి వెళ్ళాము. 2015 నుంచి రాజమహేంద్రవరం అనాలి. కొవ్వూరు దాటి రైలు వంతెన మీదికి వచ్చేసరికి తెలతెలవారుతున్నది. వేసవి గోదావరి ఇసుక తిన్నెల నడుమ పాయలు పాయలుగా ఉన్నది. బాపు ఈ కిటికీ దగ్గర కూర్చుని ఉండవలసింది కదా అనుకుంటూ, ఆ మాట అమ్మాయితో అనలేకపోయాను.

దామెర్ల రామారావు చిత్రకళాశాలలో ఆ ఉదయం మేము కాక మరి ఇద్దరే ఉన్నారు. అలమర తలుపు మీద నేను పాతికేళ్ళు చూసిన బొమ్మ ఎదురుగా గోడ మీద ఉన్నది. అచ్చుబొమ్మలో చూసింది బొమ్మ కాదని, బొమ్మ తాలూకు వార్త మాత్రమేనని అప్పుడు తెలిసింది. గీత ఎక్కడా తడబడదు. రంగు పలుచగా, కాగితంలోంచే ఊరినట్టు ఉంటుంది. 'నంది పూజ', 'సిద్ధార్థ రాగోదయం' చూస్తూ అమ్మాయి తేదీల దగ్గర ఆగింది. 1897, 1925. వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇరవై ఏడేండ్లేనా?" అన్నది.

తెలిసినంత చెప్పాను. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రవాడి చేతిని గుర్తించి, అజంతా చూపించి, బొంబాయి జె.జె. స్కూలులో చేరడానికి తోడ్పడ్డాడు. అదే గురువు చేతిలో పెరిగిన మరొక శిష్యుడు అడివి బాపిరాజు. మన ఓరుగల్లు రుద్రమదేవి కాలాన్ని 'గోన గన్నారెడ్డి' నవలగా రాసింది ఆయనే. అంటే మా ఊరికీ ఈ గోడలకూ బంధుత్వం లేకపోలేదు. చదువు ముగించి వచ్చిన రామారావు ఊళ్ళో చిత్రకళా సమాజం పెట్టి, పట్టుమని అయిదేళ్ళయినా గడవకుండానే మశూచికంతో పోయాడు.

"మరి ఇవన్నీ ఎవరు దాచిండ్రు?" అన్నది అమ్మాయి.

ఆ ప్రశ్న దగ్గర నేను కొంతసేపు ఆగిపోయాను. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బొమ్మలనూ బడినీ కంటికి రెప్పలా కాచాడు. వేసినవాడికి దక్కినవి ఇరవై ఏడేళ్ళు, కాచినవారి వల్ల బొమ్మకు దక్కినవి నూరేళ్ళు పైన. కాగితానికి ఓపిక లేదన్న బాపు మాట నిజమే. ఆ ఓపిక పక్కనున్న మనుషులు పెట్టవలసి ఉంటుంది. నేను పెట్టలేదు.

"తాత ఇవి చూసిండా నాన్నా?"

"లేదమ్మా. నేనే తీసుకురాలేదు" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అమ్మాయి ఏమీ అనలేదు. 'పుష్పాలంకరణ' దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఇద్దరి వంతూ చూస్తున్నట్టుగా చాలాసేపు నిలబడింది.

ఇంటికి వచ్చి సందుగలోని షీట్లు ఒక్కొక్కటే తిప్పి చూశాము. ప్రతి దాని వెనుకా బాపు గుండ్రని అక్షరాలలో పిల్లవాడి పేరు, తరగతి, సంవత్సరం ఉన్నాయి. తన రెండు బొమ్మల వెనుక ఏమీ లేదు. ఆయన దేనిని దాచాడో, దేనిని పారవేయబోయానో అర్థమై చేతులు ఆడలేదు.

నెలాఖరు ఆదివారం నాడు ఇరవై ఏళ్ళ తరువాత వేపచెట్టుకు దండెం కట్టాము. పదునాలుగు మంది వచ్చారు. మా వాడలోనే ఫ్లెక్సీల దుకాణం నడుపుకునే ఒకాయన, ఒకప్పుడు చేత్తో సైనుబోర్డులు రాసినవాడు, దండెం వెంట నడుస్తూ ఒక జోడెద్దుల బొమ్మ దగ్గర ఆగి వెనుకకు తిప్పాడు. ఏడవ తరగతి, 1987. తన పేరు. చాలాసేపటికి గాని మాట రాలేదు.

"సారు దాచిండా దీన్ని?" అన్నాడు.

తీసుకుపొమ్మన్నాను. తల అడ్డంగా ఊపి, "ఇక్కడనే ఉండనీయుండ్రి. వచ్చే ఎండకాలం మళ్ల వచ్చి చూసుకుంట" అన్నాడు.

క్లిప్పు తీసి బొమ్మను ఆయన చేతిలో పెట్టాను. వచ్చే ఎండకాలం అనే మాట ఈ వాకిట్లో ఇక వద్దనుకున్నాను.