మునిగిన ఊరు... మిగిలిన పాట

టాక్సీ ఆగింది. అందులోంచి ఓ భారీ మనిషి దిగాడు. చేతిలో ట్రాంబోన్ ఉంది. జేబులో మాత్రం చాలినంత డబ్బు లేదు. అడిగినంత ఇచ్చుకోలేనంటూ డ్రైవరుతో బేరం పెట్టుకున్నాడు. అవతల ఊరేగింపు సాగిపోతోంది. ఎలాగో ఆ గొడవ వదిలించుకుని, పరుగున వెళ్లి బ్యాండులో కలిశాడు. ట్రాంబోన్ పెదవులకు ఆనించాడు. అంతే... అంతసేపూ చిల్లర కోసం బతిమాలుకున్న మనిషి ఎటుపోయాడో!

అమెరికాలో హెచ్‌బీవో చానల్ 2010 ఏప్రిల్ 11న ప్రసారం మొదలుపెట్టిన 'ట్రెమే' సీరియల్ తొలి భాగంలో కనిపించే దృశ్యమిది. ఆ ట్రాంబోన్ కళాకారుడి పేరు ఆంటోయిన్ బటీస్ట్. ఊరు న్యూ ఆర్లియన్స్. ట్రెమే అన్నది ఆ ఊళ్లో ఓ పాత పేట. ఒకప్పుడు బానిసలు ఆదివారం పూట ఓ చోట చేరి డోళ్లు వాయిస్తూ ఆడిపాడిన కాంగో స్క్వేర్ ఉన్నది అక్కడే. జాజ్ సంగీతానికి వేళ్లు అక్కడే ఉన్నాయంటారు.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. కరకట్టలు తెగాయి. ఊళ్లో 80 శాతం నీట మునిగింది. జనం చెట్టుకొకరు పుట్టకొకరుగా వేరే రాష్ట్రాలకు చెదిరిపోయారు. సరిగ్గా మూడు నెలల తర్వాతి కథతో సీరియల్ మొదలవుతుంది. ఇళ్లకు బూజు పట్టింది. వీధుల్లో పాడైపోయిన ఫ్రిజ్‌లు పడున్నాయి. అయినా ఊరేగింపు బయలుదేరింది!

ఆ ఊరేగింపును అక్కడివాళ్లు 'సెకండ్ లైన్' అంటారు. ముందు వరసలో బ్రాస్ బ్యాండు, ఊరేగింపు జరిపే సంఘం సభ్యులు ఉంటారు. వాళ్ల వెనకాల ఆడుతూ వచ్చే జనమే రెండో వరస. ఆ సంఘాలు పుట్టింది వేడుక కోసమే కాదు. చందాలు పోగేసి, సభ్యుల్లో ఎవరైనా పోతే దహన ఖననాలకు ఆదుకోవడానికి పేద నల్లజాతివాళ్లు కట్టుకున్న సంఘాలవి. అందుకే అక్కడి బ్యాండుకు చావూ తెలుసు, సంబరమూ తెలుసు. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా భక్తి గీతాలు వాయిస్తారు. సాగనంపడం పూర్తయ్యాక తిరుగుదారిలో అదే బ్యాండు హుషారెక్కిపోతుంది.

ఇలాంటి ఊరిని బయటివాళ్లు తెరమీద చూపిస్తామంటే స్థానికులకు అనుమానం రావడం సహజం. ఏడాదంతా మార్డీగ్రా పండగే అన్నట్టు చూపిస్తారన్నది వాళ్ల పాత ఫిర్యాదు. సీరియల్ రూపకర్తల్లో ఒకరైన డేవిడ్ సైమన్ బాల్టిమోర్‌లో విలేకరిగా పనిచేసినవాడు. ఊరికి పరాయివాడే. ఆ సంగతి తనకూ తెలుసు కాబట్టి ఊరివాళ్లనే రచయితలుగా పెట్టుకున్నాడు. స్థానిక పత్రిక 'టైమ్స్ పికయూన్'లో కాలమ్ రాసిన లోలిస్ ఎరిక్ ఎలీ వాళ్లలో ఒకరు. కెర్మిట్ రఫిన్స్, అలెన్ టూసాంట్, డాక్టర్ జాన్ లాంటి సంగీతకారులు తమ పాత్రల్లో తామే కనిపించారు. పాటల్లో ఎక్కువ భాగం స్టూడియోలో తర్వాత అతికించినవి కావు, షూటింగ్ జరుగుతుండగా అక్కడికక్కడే రికార్డు చేసినవి.

నటుల సంగతీ అంతే. ఆంటోయిన్‌గా నటించిన వెండెల్ పియర్స్ ఆ ఊరి బిడ్డే. కత్రినా వరదలో ఆయన తల్లిదండ్రుల ఇల్లు మునిగిపోయింది. ఆంటోయిన్‌తో కాపురం చేసే డెజిరే పాత్ర వేసిన ఫిలిస్ మోంటానా లెబ్లాంక్ కూడా ఆ వరదను కళ్లారా చూసిన మనిషి. స్పైక్ లీ తీసిన డాక్యుమెంటరీలో ఆ గోడు చెప్పుకుంది. ఆ తర్వాతే ఈ సీరియల్లోకి వచ్చింది.

మరి అన్నీ నిజాలేనా? కాదు. పియర్స్ ట్రాంబోన్ పట్టుకుంటే వినిపించేది రీబర్త్ బ్రాస్ బ్యాండ్ కళాకారుడు స్టాఫర్డ్ ఏజీ వాయించిన నాదం. ఇంకో సరదా తప్పు కూడా ఉంది. హోటల్ నడిపే జానెట్ దగ్గర ఓ రాత్రి మిఠాయిలు అయిపోతాయి. తన హ్యాండ్‌బ్యాగులోంచి 'హ్యూబిగ్స్ పై' తీసి అతిథులకు పెడుతుంది. చూడ్డానికి మన కజ్జికాయలా అర్ధచంద్రాకారంలో ఉండి, లోపల పండ్ల ముద్దతో నూనెలో వేగే తినుబండారమది. చిక్కేమిటంటే, కథ జరిగే నాటికి ఆ బేకరీ ఇంకా తెరుచుకోనే లేదు! ఆ తప్పు దొరికిపోకముందే సైమన్ తనే ఒప్పుకున్నాడు. ప్రసారానికి ముందు 'టైమ్స్ పికయూన్'లో ఊరివాళ్లను ఉద్దేశించి రాస్తూ, కథ కోసం తీసుకున్న చొరవల్లో ఆ పై సంగతీ చెప్పాడు.

పై విషయంలో పొరపాటును ఎవరైనా క్షమిస్తారు. క్షమించలేనిది ఒకటుంది. ఒకరి దుఃఖాన్ని తమాషాగా చూపించడం. సీరియల్ ఆ ప్రమాదాన్ని దాచిపెట్టలేదు, తనే ఎత్తి చూపింది. ఆల్బర్ట్ లాంబ్రో అనే పెద్దాయన మార్డీగ్రా ఇండియన్ల దళానికి నాయకుడు. ఈ దళాలవాళ్లు ఏడాది పొడవునా ఒక్కో పూసా, ఒక్కో ఈకా కుట్టి వేషం సిద్ధం చేసుకుంటారు. మరుసటి ఏడాదికి మళ్లీ కొత్తది మొదలుపెడతారు. వరద తర్వాత శిథిలాల్లో శవమై దొరికిన సాటి సభ్యుడి కోసం ఆల్బర్ట్ బృందం వీధిలో నిలబడి నివాళి పాట అందుకుంటుంది. అంతలో ఓ టూరిస్టు బస్సు వచ్చి ఆగుతుంది. అద్దాల వెనక కెమెరాలు మెరుస్తాయి. వాళ్లు ఎదురుతిరిగేసరికి డ్రైవరు సిగ్గుపడి, క్షమించమని బస్సు కదిలించుకుపోతాడు. ఆ బస్సులో కూర్చున్నది టూరిస్టులేనా? ఇంట్లో సోఫాలో కూర్చుని చూస్తున్నవాళ్లకూ అందులో ఓ సీటు ఉన్నట్టే అనిపిస్తుంది.

'ట్రెమే' నమ్మకంగా పట్టుకున్నది పాటలనే కాదు, వాటి వెనకున్న లెక్కలను. ఊరికి పేరు తెచ్చేది బ్యాండు. వాయించే మనిషికి మాత్రం టాక్సీ డబ్బులుండవు. పర్యాటకులను పిలవడానికి పాట కావాలి. అదే పాట పేటలో మోగితే పోలీసులొస్తారు. 2007 అక్టోబరులో ఇది నిజంగానే జరిగింది. కెర్విన్ జేమ్స్ అనే ట్యూబా కళాకారుడు చనిపోతే, ఆచారం ప్రకారం తోటివాళ్లు ట్రెమే వీధుల్లో వాయిస్తూ నడిచారు. అనుమతి లేదంటూ ఇద్దరు కళాకారులను అరెస్టు చేశారు. మూడో సీజన్ మొదట్లోనే సీరియల్ ఈ ఘటనను చూపించింది.

అందరూ మెచ్చుకున్నారని కాదు. కథ నత్తనడక నడుస్తుందని కొందరన్నారు. పాత్రలు ప్రేక్షకులకు పాఠాలు చెబుతాయని మరికొందరు విసుక్కున్నారు. చూసేవాళ్లు తగ్గారు. చివరి సీజన్‌కు అయిదు భాగాలే దక్కాయి. మొత్తం 36 భాగాలతో 2013 డిసెంబరు 29న సీరియల్ ముగిసింది.

హ్యూబిగ్స్ బేకరీ 2012లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పదేళ్ల తర్వాత, 2022లో ఆ పైలు మళ్లీ దుకాణాల్లోకి వచ్చాయి. మనుషులే అందరూ రాలేదు. 2000 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నవాళ్లు 4 లక్షల 84 వేలు. 2020లో దాదాపు 3 లక్షల 84 వేలు.

సీరియల్లో ఆంటోయిన్‌కు చివరికి ఓ బడిలో బ్యాండు నేర్పే ఉద్యోగం దొరుకుతుంది. మొదట్లో అయిష్టంగానే వెళ్తాడు. నెలనెలా జీతం వస్తుందని వెళ్తాడు. రానురాను ఆ పిల్లల్లో ఒక్కొక్కరి ఇంటి కష్టం తెలుస్తుంది. వాళ్లు తప్పుగా ఊదితే ఆపి, మళ్లీ మొదటినుంచి ఊదిస్తాడు. ఆ బడి గదిలో కెమెరాలు పట్టుకున్న టూరిస్టులు లేరు. పిల్లలు మాత్రం ఇంకోసారి ఊదుతున్నారు.