గుప్పెడు మట్టి

రాంచీ నడిబొడ్డున ఆల్బర్ట్ ఎక్కా చౌక్ ఉంది. రోజూ వేలమంది ఆ పేరు పలుకుతారు. ఆటోవాళ్లకి అది ఒక స్టాపు. కానీ ఆల్బర్ట్ ఎక్కా గుమ్లా జిల్లా జారీ గ్రామం నుంచి వెళ్లిన మామూలు ఆదివాసీ సిపాయి. లాన్స్ నాయక్.

1971 డిసెంబర్ 3. అగర్తలకు దగ్గర్లోని గంగాసాగర్‌లో పాకిస్తాన్ సైన్యంతో పోరు. తోటివాళ్లను కూలుస్తున్న మెషీన్‌గన్ బంకర్ మీదికి ఒంటరిగా దూకాడు. గాయాలతోనే ముందుకు పాకి, మేడ మీది నుంచి పేలుతున్న ఇంకో తుపాకీనీ ఆపాడు. ఆ తర్వాత ఒరిగిపోయాడు. ఇంకో 24 రోజులుంటే 29 ఏళ్లు నిండేవి. పరమవీరచక్ర వచ్చింది.

నన్ను కదిలించేది మాత్రం పతకం కాదు. ఆయన్ని అగర్తల దగ్గరే ఖననం చేశారు. ఊళ్లో భార్య, చిన్న కొడుకు. కడసారి చూపు లేదు, దీపం పెట్టుకోవడానికి సమాధీ లేదు. నలభై ఏళ్లు దాటాక అక్కడి మట్టి జారీకి చేరింది. భర్త బదులు గుప్పెడు మట్టి! ఆ ఎదురుచూపుకి ఏ చక్రం ఇవ్వగలం?

మన ఊళ్లలోనూ సైనికుల స్తూపాలున్నాయి. ఈసారి అటు వెళ్తే ఒక్క నిమిషం ఆగి స్తూపం మీది పేరు చదవండి. ఆ సైనికుడి ఇంటివాళ్లు ఊళ్లోనే ఉంటే, ఒకసారి వెళ్లి పలకరించి రండి.