లండన్ బడి మీదుగా పీఈ పరీక్షకు

పరీక్ష శుక్రవారం. బుధవారం పొద్దున్నే పుస్తకాలు మూసేసి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కారెక్కాను. "రెండు రోజుల్లో పరీక్ష పెట్టుకుని ఊళ్ళు తిరగడమేంట్రా!" అని అక్క కోప్పడింది. కోప్పడుతూనే పులిహోర డబ్బా కట్టి ఇచ్చింది.

నేను బయల్దేరింది న్యూ లండన్ అనే చిన్న ఊరికి. డాలస్‌కి తూర్పుగా రెండున్నర గంటల దారి. టెక్సస్‌లో ఇంజనీర్లకి లైసెన్సు చట్టం ఆ ఊరి బడి కారణంగానే వచ్చిందని ఆర్నెల్ల చదువులో ఎక్కడో ఒక్క వాక్యం కనిపించింది. అప్పట్నుంచీ లెక్కలు చేస్తున్నా మనసు అటే పోతోంది.

మన దగ్గర బి.టెక్. పట్టా చేతికొస్తే చాలు, ఊళ్ళో ఇంజనీరుగారే. ఇక్కడ ముందు ఎఫ్‌ఈ అనే పరీక్ష, 110 ప్రశ్నలు. తర్వాత కొన్నేళ్ళ అనుభవం, దానికి లైసెన్సున్న ఇంజనీర్ల సాక్ష్యం. పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజనీర్ పరీక్ష, మళ్ళీ వేరే: 80 ప్రశ్నలు, ఎనిమిది గంటలు. ఇవన్నీ అయ్యాక రాష్ట్ర బోర్డు ఒప్పుకుంటేనే డ్రాయింగు మీద సొంత సీలు వేసి సంతకం పెట్టొచ్చు. నాది సివిల్, అందులో నీళ్ళ విభాగం.

టైలర్ దాటాక దారి తప్పాను. ఫోన్లో సిగ్నల్ పోయింది. రెండు పక్కలా నిటారుగా పైన్ చెట్లు, మధ్యమధ్యలో తల ఊపుతూ నూనె తోడే పంపులు. తిరిగి తిరిగి కిల్‌గోర్ అనే ఊళ్ళో తేలాను. దుకాణాల పక్కనే నూనె బావుల ఇనుప డెరిక్కులు వరసగా నిలబడి ఉంటే కారు ఆపి నోరు తెరిచి చూశాను. ఒకప్పుడు ఆ కాస్త చోటులోనే అన్ని బావులు తవ్వారట, ప్రపంచంలోకెల్లా సంపన్నమైన ఎకరం అని పేరు పెట్టుకున్నారు. మాది కోనసీమ. కొబ్బరి తోటల మధ్య రిగ్గులు చూస్తూ పెరిగినవాణ్ణి. 1995లో అక్కడి పాశర్లపూడి బావిలో లేచిన బ్లోఅవుట్ మంట రెండు నెలలపాటు మండింది. రాత్రిపూట ఎర్రగా ఉన్న ఆకాశం నాకున్న మొదటి జ్ఞాపకాల్లో ఒకటి. అందుకేనేమో, ఎన్నడూ చూడని ఆ ఊరు కొత్తగా అనిపించలేదు.

పెట్రోలు బంకులో పెద్దావిడ ఒకరు కాగితం మీద దారి గీసి ఇచ్చారు. డబ్బులిచ్చేటప్పుడు "లండన్ బడి చూడ్డానికా?" అని ఒక్కమాట అడిగి ఊరుకున్నారు.

న్యూ లండన్‌లో రోడ్డుకి నడుమ పెద్ద రాతి స్తంభం ఉంది. పైన బడికొస్తున్న పిల్లల బొమ్మలు, వాళ్ళ ముందు ఇద్దరు టీచర్లు. ఒకవైపు బడి, ఎదురుగా మ్యూజియం. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బడి. పాతది 1937 మార్చి 18న మధ్యాహ్నం మూడు దాటాక పేలిపోయింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. నూనె డబ్బుతో కట్టుకున్న గొప్ప బడి అది. గ్యాసు బిల్లు మిగుల్తుందని, పక్కనుంచి పోయే ముడి గ్యాసు గొట్టానికి కలుపుకున్నారు. ఆ గ్యాసుకి వాసన లేదు. నేల కింద నిండిపోయినా ఎవరికీ తెలియలేదు. వర్క్‌షాపులో చెక్క నునుపు చేసే మిషను స్విచ్చి వేసినప్పుడు నిప్పురవ్వ లేచింది.

శిథిలాల్లో దొరికిన ఒక నల్లబల్ల మీద, నూనే గ్యాసే ఈ ప్రాంతానికి గొప్ప వరాలనీ, ఈ బడి వాటి చలవేననీ రాసి ఉందట. మ్యూజియంలో అది విన్నాక అక్కడే కూర్చుండిపోయాను.

మ్యూజియం చూపించిన పెద్దాయనకి మా కోనసీమలోని నగరం అనే ఊరి గురించి చెప్పాను. 2014 జూన్ 27న తెల్లవారుజామున గెయిల్ గొట్టం పేలి, ఆ చిన్న ఊళ్ళో ఇరవైమంది దాకా పోయారని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ అమ్మ వంటింట్లో గ్యాసు లీకైతే ఎలా కనిపెడుతుంది?" అని అడిగారు. వాసనని బట్టి అన్నాను. అది గ్యాసు వాసన కాదు, మనిషికి తెలియాలని కావాలని కలిపేది. టెక్సస్‌లో అలా కలపాలన్న చట్టం ఈ పేలుడు తర్వాతే వచ్చింది. ఇంజనీర్ల లైసెన్సు చట్టం కూడా ఆ ఏడాదే, కొన్ని వారాల్లోనే. అర్ధరాత్రి లేచి ముక్కు ఎగబీల్చి, రెగ్యులేటర్ కట్టేసే మా అమ్మ కళ్ళముందు మెదిలింది.

మ్యూజియంలోనే చిన్న కేఫ్ ఉంది. వేడి సూపు తాగాను. పులిహోర డబ్బా తీసి పెద్దాయనకి కొంచెం పెట్టాను. చింతపండు పులుపుకి కళ్ళు చికిలించి, మళ్ళీ పెట్టమన్నారు.

శుక్రవారం పరీక్ష. మన హాలు టికెట్టు, బెంచీ మీద నంబరు, ఇవేవీ లేవు. అరచెయ్యి స్కాన్ చేశారు, జేబులు తిరగేయించారు, కళ్ళజోడు తీయించి చూశారు. అక్క జేబులో పెట్టిన ఫ్రిస్కో హనుమంతుడి గుడి కుంకుమ పొట్లం లాకర్లోకి పోయింది. సివిల్ పరీక్ష 2022లో కంప్యూటర్ మీదికి రాకముందు, పుస్తకాల సూట్‌కేసులు లాక్కుంటూ వచ్చేవారట. ఇప్పుడు హ్యాండ్‌బుక్ తెరమీదే. ప్రశ్నలు బయటపెట్టనని సంతకం చేశాను కాబట్టి అవి చెప్పను. పైపులో నీటి ఒత్తిడి లెక్క ఏది వేసినా, ఆ పైపు మీద నిలబడే మనుషులు గుర్తొస్తున్నారు, అది మాత్రం చెప్పగలను. ఎనిమిదో రోజున పాసైనట్టు మెయిల్ వచ్చింది.

డాలస్ చుట్టుపక్కల పీఈకి చదువుతుంటే, పరీక్షకి ముందు ఒక్కరోజు తీసి అక్కడికి వెళ్ళండి. టైలర్ దాటాక సిగ్నల్ నమ్ముకోవద్దు, దారి ముందే రాసుకోండి. మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మూసి ఉన్నా ఫర్వాలేదు. రోడ్డు నడుమ స్తంభం దగ్గర దిగి, రాతి మీద చెక్కిన ఆ పిల్లల పేర్లు చదివి రండి.